సర్వికల్ క్యాప్ గుంటూరులో దొరుకుతుందా? వాడినదాన్నిగా నా జవాబు

"పిల్స్ పడట్లేదు, కాపర్-టి అంటే భయం, మా వారికి కండోమ్ ఇష్టం లేదు, గర్భం రాకుండా లోపల పెట్టుకునే సర్వికల్ క్యాప్ అని ఒకటుందట, గుంటూరులో దొరుకుతుందా, పనిచేస్తుందా?" అని అడిగారు కదా. ముందు దొరకడం సంగతి చెప్పేస్తాను, నాకైతే దొరకలేదు. కొత్తపేటలో నాలుగు మందుల షాపులు తిరిగాను. ఒకచోట కౌంటర్ దగ్గరి అబ్బాయి "క్యాపేగా మేడమ్, ఉంది" అని ధీమాగా లోపలికెళ్ళి, మోకాలికి తొడుక్కునే క్యాప్ పట్టుకొచ్చి "లార్జా, ఎక్స్‌ట్రా లార్జా?" అన్నాడు. పక్కనేమో నలుగురు మగాళ్ళు. ఇంకేం వివరిస్తాను, అత్తయ్యగారికి పనికొస్తుందిలే అని లార్జ్ ఒకటి కొనుక్కుని వచ్చేశాను. ఆవిడ ఇప్పటికీ అదే వేసుకుని మెట్లెక్కుతారు.

మరి నేనెలా వాడానంటే, పెళ్ళయ్యాక కొన్నేళ్ళు న్యూజెర్సీలో ఉన్నాం. నాకు మైగ్రేన్ ఉంది, అదీ నొప్పికి ముందు కళ్ళెదురుగా వంకర గీతలు మెరిసే రకం. అలాంటివాళ్ళు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న పిల్స్ వేసుకుంటే పక్షవాతం ముప్పు పెరుగుతుందని అక్కడి డాక్టర్ పిల్స్ మాటే ఎత్తనివ్వలేదు, హార్మోన్లు లేనివాటిలో ఇది చూపించింది. ఫెమ్‌క్యాప్ అంటారు, అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది, అక్కడ కూడా డాక్టర్ చీటీ ఉంటేనే ఇస్తారు. మెత్తటి సిలికాన్‌తో చేసిన బుల్లి టోపీ, చుట్టూ అంచు, పట్టి లాగడానికి ఒక పట్టీ. గర్భాశయ ముఖద్వారం మీద మూతలా కూర్చుంటుంది. ఉత్త మూత చాలదు, వీర్యకణాలను చంపే జెల్ రాసి పెట్టుకోవాలి, అది లేకుండా పెట్టుకుంటే గడియ వేయకుండా తలుపు మూసినట్టే.

సైజులు మూడు, 22, 26, 30 మిల్లీమీటర్లు. మనిషి లావు సన్నం బట్టి కాదు, అసలెప్పుడూ గర్భం రానివాళ్ళకి 22, అబార్షన్ అయినవాళ్ళకి లేదా సిజేరియన్ అయినవాళ్ళకి 26, నార్మల్ డెలివరీ అయినవాళ్ళకి 30. నాకు అప్పుడు 22 ఇచ్చారు.

మొదటిసారి పెట్టుకోవడం పెద్ద తతంగం. జెల్ రాశాక చేపపిల్లలా జారిపోతుంది, రెండు వేళ్ళతో నొక్కి పట్టుకునేలోపు ఎగిరి వాష్ బేసిన్ వెనకాల పడింది, మళ్ళీ కడిగి మళ్ళీ జెల్ రాసి, బయట నుంచి మా వారు "ఏమైందీ?" అని రెండుసార్లు తలుపు కొట్టాక గానీ పని కాలేదు. తర్వాత చెయ్యి తిరిగింది. ముందు వేలితో ముఖద్వారం ఎక్కడుందో చూసుకోవాలి, ముక్కు కొనలా కాస్త గట్టిగా తగులుతుంది, పెట్టుకున్నాక అది టోపీ కిందే ఉందా లేదా అని మళ్ళీ తడిమి చూసుకోవాలి. ఇదంతా మూడ్ రాకముందే చేసుకోవడం మంచిది. నిజానికి తీయడమే కష్టం. గొంతుకూర్చుని (ఇండియన్ టాయిలెట్ అలవాటు ఇక్కడ కలిసొచ్చింది) కిందికి ముక్కుతూ, టోపీని వేలితో నొక్కితే ఆ పట్టు వదులుతుంది, అప్పుడు పట్టీలో వేలు పెట్టి లాగాలి. పట్టు వదలకుండా లాగితే నొప్పి.

కలిశాక కనీసం 6 గంటలు తీయకూడదు, పెట్టుకున్నప్పటి నుంచి 48 గంటలు దాటనివ్వకూడదు. పీరియడ్స్‌లో అసలు వద్దు, టాక్సిక్ షాక్ అనే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. కడిగి ఆరబెట్టాక పౌడర్ చల్లకండి, మనకేమో ప్రతిదానికీ పౌడర్ అద్దే అలవాటు. సుఖవ్యాధులను ఇది ఆపదు, అది కండోమ్ పనే.

బాబు పుట్టాక (నార్మల్) సైజు 30కి మారింది, 2021లో గుంటూరు వచ్చేశాం. అక్కడి నుంచి నాకూ దానికీ పడలేదు. ఇక్కడ ఉమ్మడి ఇల్లు, బాత్రూం ఒక్కటే. ఓ రోజు కడిగి కిటికీ అరుగు మీద ఆరబెట్టి మరిచిపోయాను, అత్తయ్యగారు పట్టుకొచ్చి "బాబు పాలసీసా మూత ఇక్కడ పడేశావేంటమ్మా, మరిగే నీళ్ళలో వేశాను" అన్నారు. నేను "అవునత్తయ్యా" అన్నాను, ఇంకేమనను. అక్కడి నుంచి తెచ్చుకున్న జెల్ ట్యూబులు కూడా అయిపోవచ్చాయి, నేను పొదుపుగా రాయడం మొదలుపెట్టాను, అది నా బుద్ధితక్కువ. ఒక నెల డేట్ తొమ్మిది రోజులు దాటింది. ఆ తొమ్మిది రోజుల టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు. టెస్టులో ఒక్క గీతే వచ్చింది, ఆ మర్నాడే పీరియడ్స్ వచ్చాయి.

అప్పుడు ఇక్కడి డాక్టరమ్మ లెక్క చెప్పింది, నాకు ముందే తెలిసి ఉండాల్సింది. కాన్పు కానివాళ్ళు 100 మంది ఏడాదిపాటు క్యాప్ వాడితే సుమారు 14 మందికి గర్భం వస్తుంది, కాన్పు అయినవాళ్ళలో అయితే సుమారు 29 మందికి. కాపర్-టితో అది ఒకరి కంటే తక్కువ. ఆ వారమే వేయించుకున్నాను, 380ఏ రకం, పదేళ్ళు ఉంటుంది. వేసేటప్పుడు చురుక్కుమంది, మొదటి రెండు మూడు నెలలు బ్లీడింగ్ ఎక్కువైంది, తర్వాత ఉందన్న సంగతే మర్చిపోయాను. అందుకే మీ భయం గురించి ఒకసారి మంచి డాక్టర్‌తో మాట్లాడమంటాను. మీకు పిల్స్‌లో పడనిది ఈస్ట్రోజనే అయితే ఛాయా అనే మాత్ర అడిగి చూడండి, అందులో హార్మోన్లు లేవు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీ వారి సంగతి నేను మాట్లాడకూడదు గానీ, కండోమ్ ఆయనకి ఇష్టం లేకపోతే ఆ పాట్లన్నీ మీరు పడాలా?

మీకింకా కాన్పు కాలేదు, విదేశం నుంచి తెప్పించుకోగలరు, జెల్ కూడా ఎప్పుడూ చేతిలో ఉంటుంది, పొరపాటున గర్భం వచ్చినా కొంప మునగదు అనుకుంటే క్యాప్ వాడుకోండి, తప్పేం లేదు, నాకు న్యూజెర్సీలో వాడినన్నాళ్ళూ బాగానే గడిచింది. మా పిన్ని కూతురు మాత్రం "నీది ఖాళీగానే ఉందిగా అక్కా, నాకిచ్చెయ్యరాదూ" అంది. ఒకరిది ఇంకొకరు వాడకూడదే పిచ్చిమొహమా, పైగా ఏడాదికొకసారి మార్చాలి, నాది ఎప్పుడో కాలం తీరిపోయింది, అందులోనూ ఒకసారి మరిగే నీళ్ళలో ఉడికింది అని చెప్పాను.