దర్శనం టికెట్ల పేరుతో వచ్చిన చిన్న లింకు నొక్కాను, వివరాలేమీ ఇవ్వలేదు, భయం లేదా?

మీరు రాసినదాన్ని బట్టి, తిరుపతిలో మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి 300 రూపాయల దర్శనం టికెట్లంటూ బిట్‌లీ (పొడవాటి చిరునామాను కుదించి ఇచ్చే సంస్థ) లింకు వచ్చింది. నొక్కితే రెండు మూడు సైట్లు మెరిసి మాయమయ్యాయి. ఆధార్, కార్డు నంబరు ఇవ్వలేదు కాబట్టి పెద్ద ప్రమాదం తప్పినట్టే. కానీ మధ్యలో మెరిసిన ప్రతి సైటుకూ మీరు వచ్చిన సంగతి తెలిసింది.

చిన్న లింకు నొక్కగానే ఆ సంస్థ సర్వర్ 301 లేదా 302 అనే దారి మళ్లించే కోడ్‌తో మరో చిరునామా ఇస్తుంది. అది ఇంకోచోటికి పంపొచ్చు. ఎన్ని మలుపులుంటే అన్ని సర్వర్లకు మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ నంబరు), బ్రౌజర్, సమయం అందుతాయి. ప్రతిదీ తన కుకీ (మిమ్మల్ని మళ్లీ గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు) పెట్టగలదు. ప్రకటనల సంస్థలు మధ్యలో దూరేది ఇందుకే. థర్డ్ పార్టీ కుకీలను, అంటే మీరు తెరవని సైట్లు పెట్టే కుకీలను, ఆపే బ్రౌజర్‌కైనా ఆ క్షణంలో అది మీరే తెరిచిన సైటులా కనిపిస్తుంది. ఇలాంటి కుకీలను సఫారీ, ఫైర్‌ఫాక్స్ తర్వాత తుడుస్తాయి గానీ, ఐపీ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. మీ నంబరుకే విడిగా ఎస్ఎంఎస్‌లో వచ్చే లింకు ఇంకా చెడ్డది. దాని చివరి అక్షరాలు మీ ఒక్కరికే కేటాయించి ఉంటే, నొక్కగానే ఆ నంబరు వాడుకలో ఉందని అవతలివాళ్లకు తేలిపోతుంది.

ఇప్పుడు బ్రౌజర్‌లో ఆ సైట్ల డేటా తొలగించండి. నోటిఫికేషన్లకు అనుమతి ఇచ్చి ఉంటే తీసేయండి. ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దిగి ఉంటే తెరవకుండా డిలీట్ చేయండి.

ఇకమీదట బిట్‌లీ లింకైతే కాపీ చేసి, చివర + చేర్చి తెరవండి, గమ్యం కనిపిస్తుంది. అయితే అది మొదటి మలుపు మాత్రమే. అక్కడ మళ్లీ చిన్న లింకే ఉంటే ఆపేయండి, నిజమైన టికెట్ల పేజీకి అన్ని ముసుగులు అక్కర్లేదు. కంప్యూటర్‌లో కర్ల్ (curl) అనే కమాండ్‌కు పెద్ద ఐ, పెద్ద ఎల్ ఆప్షన్లు (-I -L) ఇస్తే మలుపులన్నీ లొకేషన్ హెడర్లలో, అంటే తర్వాతి చిరునామా చెప్పే వరుసల్లో, వరసగా వస్తాయి. పేజీలోని జావాస్క్రిప్ట్ కోడ్‌తో చేసే మలుపులు మాత్రం అందులో కనబడవు, పైగా ఇలా చూసినా మీ ఐపీ దారిలోని సర్వర్లకు వెళ్తుంది.

లింకుతోపాటు కనిపించే శ్రీవారి బొమ్మను నమ్మకండి. వాట్సాప్‌లో ఆ ప్రివ్యూ పంపినవారి ఫోన్‌లో తయారవుతుంది. టీటీడీ సైటు అడ్రస్ చేత్తో టైపు చేయండి: టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. దేవస్థానం పేరును ముందు ఎవరైనా తగిలించుకోవచ్చు, సైటు పేరులో చివరి మూడు ముక్కలే (ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్) చూసుకోండి.

మీ అసోసియేషన్ కాగితాల డ్రైవ్ లింకులను కూడా కుదించి పంపొద్దు. 5, 6 అక్షరాల చిన్న లింకులను వరసగా ప్రయత్నిస్తే ఇతరులు వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) దాచిన ఫైళ్లు తెరుచుకుంటాయని కార్నెల్ టెక్ పరిశోధకులు 2016లోనే చూపించారు.