ఆస్పత్రి చెత్త బండి మీద పని: అబ్బాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా బాబు బైపీసీ ఇంటర్ అయిపోయి ఇంట్లనే ఉన్నడు. వరంగల్, హన్మకొండ ఆస్పత్రుల చెత్త ఎత్తే బండి మీద హెల్పర్ పని దొరికింది. ఎయిడ్స్ అంటుకుంటదని వాళ్లమ్మ వద్దంటోంది. పంపమంటారా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: పంపండి, కానీ టీకా పడకుండా మాత్రం వద్దు. ఇంట్లో భయం ఎయిడ్స్ గురించి. మేమైతే ముందు హెపటైటిస్-బి (రక్తం ద్వారా అంటుకుని కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు) గురించి ఆలోచిస్తాం. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకేది సుమారు 1000లో 3 సార్లు. టీకా లేని మనిషికి హెపటైటిస్-బి అయితే 100లో 6 నుంచి 30 సార్లు. ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం దాకా బతుకుతుంది. నయమేమిటంటే దీనికి మంచి టీకా ఉంది. హెపటైటిస్-సికి అదీ లేదు.

టీకా 3 డోసులు: మొదటిది ఇవాళ వేస్తే రెండోది నెలకు, మూడోది 6వ నెలలో. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇదీ, ధనుర్వాతం టీకా వేయించాల్సింది యజమానే. చేరేటప్పుడు, ఆపైన ఏటా ఆరోగ్య పరీక్ష, శిక్షణ కూడా ఆయన బాధ్యతే. మూడో డోసు అయ్యాక 1–2 నెలల్లో యాంటీ-హెచ్‌బీఎస్ (టీకా పనిచేసిందో లేదో చూసే రక్త పరీక్ష) చేయించండి, మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ యూనిట్లు ఉంటేనే టీకా పట్టినట్టు. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. కనీసం రెండు డోసులు పడేదాకా బాబుకు బార్‌కోడ్ స్కానింగ్, రిజిస్టర్ పని ఇవ్వమనండి.

ఇక సూది. తెల్ల డబ్బాలో పడ్డ సూదితో పెద్దగా గొడవ లేదు, ఎర్ర సంచిలో దాక్కున్న సూదితోనే. అందులో ఉండాల్సింది సెలైన్ పైపులు, గ్లౌజులు, సూది తీసేసిన సిరంజీలు. వార్డులో హడావిడిగా ఎవరో సూదితో సహా పడేస్తారు. ఆ సంచిని తొడకు ఆనించి మోసినా, చోటు చేద్దామని చేత్తో అదిమినా సూది ప్లాస్టిక్‌ను పొడుచుకుని వస్తుంది. సంచిని ముడి దగ్గరే పట్టుకుని, ఒంటికి తగలకుండా ఎత్తాలి. ముప్పావు దాటి నిండినదాన్ని, ముడి వేయనిదాన్ని తీసుకోకూడదు. నర్సులు వేసుకునే పల్చటి గ్లౌజు సూదిని ఆపదు. మందపాటి రబ్బరు గ్లౌజులు, గంబూట్లు కావాలి. చెప్పులేసుకుని చేసే పని కాదిది.

అయినా గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టొద్దు, స్పిరిట్ పోయొద్దు. సబ్బు పెట్టి పారే నీళ్ల కింద కడిగి, వెంటనే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ నివారణ మందు 2 గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటాక లాభం లేదు. కోర్సు 28 రోజులు. ఆ రోజే రక్త పరీక్ష చేయించి, జరిగింది రిజిస్టర్‌లో రాయించాలి. పని పోతుందని దాచిపెడితే, రేపు జబ్బు బయటపడ్డప్పుడు అది ఈ పనివల్లే వచ్చిందని చూపడానికి కాగితం ఉండదు.

చేరేముందు ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) నంబరు, టీకా తేదీ అడగండి. కాంట్రాక్టరు "సూద్దాం తీ" అంటే ఆ పని వదిలేయండి. బైపీసీ చదివాడు కాబట్టి, ఈలోగా డీఎంఎల్‌టీకి (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) దరఖాస్తు కూడా పెట్టించండి.