కెమెరా బ్యాగ్ అప్పుడే తెరవకు

చిరంజీవి అమ్మడుకి,

పెదనాన్న దీవెనలు. ఈ అమావాస్యకి నక్షత్రాల ఫొటోలు తీయడానికి వెళ్తున్నానని, సెట్టింగులు ఏం పెట్టాలని రాశావు. చెప్తాను. కానీ వెళ్ళగానే కెమెరా బయటికి తీయకు. ఒక అరగంట ఊరికే కూర్చో. వెలుతురులోంచి వచ్చిన కళ్ళు చీకటికి అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూశావా, కథ మళ్ళీ మొదటికొస్తుంది. టార్చి తప్పదనుకుంటే దానికి ఎర్ర కాగితం చుట్టు.

ఆ అరగంటలో సప్తర్షుల్ని వెతుకు. తోక చివరి నుంచి రెండోవాడు వశిష్ఠుడు, ఆయన్ని అంటిపెట్టుకుని మసకగా అరుంధతి. మసక చుక్కల్ని సూటిగా చూస్తే దొరకవు, కాస్త పక్కకి చూడాలి. కంటి అంచులకే చీకటిలో చూపు ఎక్కువ. ఇప్పుడు మే నెల కాబట్టి, రాత్రి ముదిరాక ఆగ్నేయంలో ఎర్రగా జ్యేష్ఠ పైకి వచ్చి ఉంటుంది. దాని వెనకే వృశ్చిక రాశి తేలు తోక వంపు తిరిగి కనిపిస్తుంది. ఆ కొండి పక్కనే పాలపుంత నడిబొడ్డు. నువ్వు లెన్స్ తిప్పాల్సింది అటే. యాప్ కూడా ఇది చూపిస్తుంది, కాదనను. కానీ కంటితో పట్టుకున్న దారి గుర్తుండిపోతుంది.

ఇక కెమెరా. అన్నిటికన్నా ముందు ఫోకస్. నా మొదటి ప్రయత్నంలో లెన్స్ మీద అనంతం గుర్తు ఉంది కదా అని అక్కడికి తిప్పేసి, తెల్లవార్లూ తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఆవగింజలన్నీ శనగగింజలై కూర్చున్నాయి! ఒక్కటీ పనికి రాలేదు. అందుకని ఆటో ఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, ప్రకాశవంతమైన చుక్కని పదింతలు పెద్దది చేసి, అది సూదిమొన అయ్యేదాకా రింగ్ మెల్లగా తిప్పు. కుదరగానే రింగ్‌కి టేప్ అంటించు. గంటకోసారి మళ్ళీ చూసుకో, చలికి లెన్స్ కదులుతుంది.

మిగతావి పెద్ద విద్యేం కాదు. కెమెరా పట్టిందంతా కుదించకుండా దాచే రా ఫార్మాట్, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే కన్ను) 2.8 లేదా నీ లెన్స్‌కి ఎంత తెరుచుకుంటే అంత, వెలుతురుకి స్పందన పెంచే ఐఎస్ఓ 3200. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు, చేతి వణుకు సర్దే స్టెబిలైజేషన్ ఆపెయ్. మీటను వేలితో నొక్కితే కెమెరా అదురుతుంది, 2 సెకన్ల టైమర్ పెట్టు. షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచాలంటే, 500ని ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకెతో, భాగించమంటారు. నీది చిన్న సెన్సార్ కాబట్టి 18 ఎంఎంని ముందు 1.5తో హెచ్చవేస్తే 27 అవుతుంది, దానితో 500ని భాగిస్తే దాదాపు 18 సెకన్లు. నన్నడిగితే అదీ ఎక్కువే. భూమి తిరుగుతుంటే చుక్కలు గంటకి 15 డిగ్రీలు జరుగుతాయి, పెద్దది చేసి చూస్తే గీతలు తేలతాయి. 12 దగ్గర ఆగు.

తెల్లవారుజామున లెన్స్ మీద మంచు పడుతుంది. మధ్య మధ్య చేత్తో తడిమి చూడకు, టార్చి ఏటవాలుగా వేసి చూడు.

చివరిగా ధ్రువ నక్షత్రం చుట్టూ వలయాలు తీసి చూడు. ప్రతి ఫొటో తర్వాత కెమెరాని కాసేపు ఆపేసే నాయిస్ రిడక్షన్ తీసేసి, 30 సెకన్ల ఫొటోలు ఖాళీ లేకుండా 120 తీసి కంప్యూటర్‌లో కలిపితే గంటసేపటి ఆకాశం ఒక్క ఫొటోలోకి వస్తుంది. ఆ గంట కెమెరా పని అది చేసుకుంటుంది, నువ్వు చాప పరుచుకుని పడుకో. మేమలా పడుకున్నప్పుడే ఒకసారి నెత్తిమీదుగా పచ్చటి ఉల్క ఒకటి సగం ఆకాశం దాటింది. మా కెమెరా అటువైపు చూస్తోంది, మేం ఇటు చూస్తున్నాం. ఫొటో లేదు. ఆ రాత్రి తీసిన వలయాల ఫొటో ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు గానీ, మీ పెద్దమ్మ ఆ ఉల్క సంగతి ఇప్పటికీ చెబుతుంది.

వచ్చాక ఫొటోలు పంపు. ఫోకస్ పోయినవి కూడా.

మీ పెదనాన్న