కొలీగ్ వెనక గోతులు తవ్వుతుంటే, మేనేజర్ చూసీ చూడనట్టు ఊరుకుంటే ఏం చేయాలి?

మీ కోడ్ రివ్యూలు (రాసిన కోడ్‌ని మెయిన్ కోడ్‌లో కలిపే ముందు ఇంకొకరు చూసి ఓకే అనడం) కావాలని ఆపేస్తున్నారు, మీటింగులకు పిలవడం మానేశారు, మేనేజర్‌కి చెబితే "మీరూ మీరూ చూసుకోండి" అన్నాడు అని రాశారు. నేనూ రెండేళ్లు ఇదే పడ్డాను కాబట్టి చెబుతున్నా.

మా టీమ్‌లో ఒకతను ఎదురుపడితే భుజం మీద చెయ్యేసి మాట్లాడేవాడు. నా కోడ్ తన దగ్గరికి రివ్యూకి వెళ్తే మాత్రం మొదటి రోజు వేరియబుల్ పేరు బాగోలేదంటాడు, అది మార్చిన రెండు రోజులకి కామెంట్ రాయలేదేం అంటాడు, అదీ రాశాక అసలు డిజైనే వేరేగా ఉండాల్సింది అంటాడు. అలా 9 రోజులు సాగిన మార్పు మొత్తం 40 లైన్లు! ఈలోగా పొద్దున్న స్టాండప్‌లో (ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగు) "నాది అయిపోయింది, తన ముక్క కోసమే ఆగాను" అని నా గురించి మెత్తగా అనేవాడు. మేనేజర్ తలూపేవాడు.

ఒక రిలీజ్‌కి ముందు రోజు సాయంత్రం నా బ్రాంచ్ (నేను విడిగా పనిచేసుకునే కోడ్ కాపీ) మీద ఫోర్స్ పుష్ చేశాడు, అంటే సర్వర్‌లో ఉన్నదాని మీద తన కాపీని బలవంతంగా రుద్దాడు, నా మూడు కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) పోయాయి. సర్వర్‌లో ఉన్నదే కరెక్టనుకుని నేను నా కాపీని కూడా దానికే రీసెట్ చేసుకున్నాను, అది నా తెలివి. తర్వాత గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) రెఫ్‌లాగ్, అంటే మన మెషీన్‌లో అది రాసుకునే చిట్టా, చూస్తే మూడూ కనిపించాయి (బ్రాంచ్ నుంచి తెగిపోయిన కమిట్లు కూడా మామూలు సెట్టింగుల్లో మన మెషీన్‌లో 30 రోజుల వరకు అక్కడ దొరుకుతాయి). అతను "అయ్యో, పొరపాటు" అన్నాడు. పొరపాటే కావచ్చు, ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

నేను చేసిన తప్పు, ఆ రాత్రి టీమ్ ఛానెల్లో అందరి ముందూ "కావాలనే చేశావు" అని రాయడం. పోయిన కమిట్ల సంగతి అందరూ మర్చిపోయారు, నా కోపం మాత్రం అప్రైజల్లోకి ఎక్కింది.

ఆ తర్వాత ఉద్దేశాల జోలికి వెళ్లలేదు, తేదీలు మాత్రమే మాట్లాడాను. నోటిమాటగా ఏది అనుకున్నా వెంటనే ఛానెల్లో "ఇందాక అనుకున్నట్టు, గురువారానికి మీ రివ్యూ అయితే శుక్రవారం మెర్జ్ చేస్తాను" అని రాసేవాణ్ణి. రివ్యూకి ఇద్దరి పేర్లు పెట్టి, ఎవరు ముందు ఓకే అంటే వాళ్లది చాలు అనే రూల్ అడిగాను. ఫోర్స్ పుష్ బ్లాక్ చేయమన్నాను. టీమ్ మంచి కోసమే అన్నట్టు అడిగితే ఎవరూ కాదనలేదు.

మేనేజర్ ఎందుకు కళ్లు మూసుకుంటాడంటే, చాలాచోట్ల మనుషుల్ని వరసలో నిలబెట్టి కింది వాళ్లని చూపించాల్సిన పని అతనిదే. జనరల్ ఎలక్ట్రిక్‌లో అప్పటి సీఈఓ జాక్ వెల్చ్ పెట్టిన 20-70-10 లెక్క (పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10) అదే, మైక్రోసాఫ్ట్ కూడా అలాంటి ర్యాంకింగ్‌నే 2013 నవంబరులో ఆపేసింది. మా దగ్గర పేరు మార్చారంతే. అడుగున ఎవరో ఒకరు ఉండి తీరాలంటే పక్కవాడికి సాయం చేయడం మన మెడకే చుట్టుకుంటుంది, ఇక మీ గొడవ మేనేజర్‌కి తలనొప్పి కాదు, సౌకర్యం.

హెచ్చార్ దగ్గరికి వెళ్తే "టాక్సిక్" లాంటి మాటలు వద్దు, ఏ తేదీన ఏం జరిగిందో ఒక పేజీ పట్టుకెళ్లండి. కంపెనీ కోడ్, మెయిళ్లు సొంత మెయిల్‌కి పంపుకోకండి, అసలు విషయం పక్కకు పోయి మీ ఉద్యోగం దానికే ఊడుతుంది.

నేను చివరికి వేరే టీమ్‌కి మారాను. అతనికి ప్రమోషన్ వచ్చింది. మీ అప్రైజల్ ఎప్పుడో రాయలేదు, దగ్గర్లోనే ఉంటే ఇద్దరు రివ్యూయర్ల సంగతి ఈ వారమే అడిగేయండి.