కబడ్డీ ఆడే మా తమ్ముడికి యాక్సిడెంట్‌లో కాలు తీసేశారు. మళ్ళీ ఎప్పటికి ఆడగలడు?

అక్కా, మీ తమ్ముడికి 22 ఏళ్లని, ఎడమ కాలు మోకాలి కింద తీసేసి నాలుగు నెలలైందని, ఎవరితోనూ మాట్లాడటం లేదని రాశారు. నాదీ అదే కాలు, అదే చోట. తాడిపత్రి దగ్గర మా ఊరి జట్టులో కూతకు పోయేవాణ్ణి. 2021 మార్చిలో ఒక రాత్రి అనంతపురం నుంచి బైక్ మీద వస్తుంటే, బండలు వేసుకున్న ట్రాక్టర్ ఒకటి వెనక లైటు లేకుండా రోడ్డు మీదే ఆగి ఉంది. దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు.

నేను మళ్ళీ కబడ్డీ ఆడలేదు. మీ తమ్ముడూ ఆడకపోవచ్చు. పారాలింపిక్స్‌లో కూడా ఆ ఆట లేదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. "మళ్ళీ ఆడతావులే నాయనా" అని అమ్మ, "ఆర్నెల్లలో దిగుతావురా" అని మావాళ్లు. అది జరగదని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. అందరూ కలిసి ఒక అబద్ధం మోస్తుంటే మధ్యలో నేనేం మాట్లాడాలి? మీవాడి మౌనానికీ ఇదే కారణమని చెప్పలేను గానీ, ఒకసారి చూసుకోండి. ఒక రోజు మా కోచ్ వచ్చి మంచం పక్కన కూర్చుని, "కబడ్డీ అయిపోయిందిరా" అన్నాడు. ఆరోజే మొదటిసారి గట్టిగా ఏడ్చాను. ఆ రాత్రి అన్నం కూడా తిన్నాను.

ఇంకో సంగతి, వీడియోలు. నా కాలు పోయిన ఐదారు నెలలకు, టోక్యో పారాలింపిక్స్‌లో మన దేశం ఆటగాడు సుమిత్ అంతిల్ 68.55 మీటర్లు ఈటె విసిరి బంగారు పతకం కొట్టాడు. ఆయనకూ బైక్ ప్రమాదమే, ఎడమ కాలే. ఇంకేముంది, చుట్టాలందరూ అదే వీడియో పంపడం. నేను ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నా. తీసేయగా మిగిలిన కాలు మొండికి కట్టిన గుడ్డ కూడా సరిగా ఆరని మనిషికి బంగారు పతకం చూపిస్తే, నువ్వెందుకు లేవలేదు అని అడిగినట్టే ఉంటుంది. చాలా రోజుల తర్వాత నేనే వెతుక్కుని చదివాను. ఆయన ప్రమాదం 2015లో, పతకం 2021లో. ఆయన ముందు కుస్తీ ఆడేవాడు, తర్వాత పట్టింది ఈటె. వీడియో పంపినవాళ్లలో ఒక్కరూ ఈ రెండు సంగతులూ చెప్పలేదు!

ఇప్పుడు ఆట సంగతి పక్కన పెట్టి కాలు చూడండి. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టనివ్వకండి. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది, తర్వాత పెట్టుడు కాలు తొడిగితే నడక రాదు. నాకు మూడు వారాలు దిండు పెట్టారు, దాన్ని సాగదీయడానికి రెండు నెలలు పట్టింది. క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకెలాగా చుట్టాలి, కింద బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా. ఫిజియో దగ్గర మీరే నేర్చుకోండి. మొదటి ఏడాది మొండి సన్నబడుతూనే ఉంటుంది కాబట్టి సాకెట్, అంటే పెట్టుడు కాలులో మొండి దూర్చే గిన్నె, వదులవుతుంది. మేజోళ్లు ఒకదాని మీద ఒకటి వేసి కొంతకాలం లాగొచ్చు, తర్వాత సాకెట్ మార్చాల్సిందే. మన ఎండల్లో లోపల చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతుంది. ఎర్రగా కనబడితే ఆరోజు కాలు తీసి పక్కన పెట్టడమే, పౌరుషానికి పోకూడదు. నేను పోయాను, పుండుపడి నెల రోజులు మళ్ళీ చంకకర్రలు పట్టుకున్నాను. నాది జైపూర్ కాలు. చెప్పుల్లేకుండా పొలంలో తిరగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు.

రాత్రిళ్లు లేని పాదం నొప్పి పెడుతోందంటే నమ్మండి. నాకు బొటనవేలు ఎవరో మెలితిప్పుతున్నట్టు ఉండేది. మా జేజి మూడుసార్లు దిష్టి తీసింది. ఫిజియో మాత్రం రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, మంచి కాలు నీడను చూస్తూ వేళ్లు ఆడించమన్నాడు. పిచ్చిపనిలా అనిపించింది, కానీ నాకు పనిచేసింది. అందరికీ చేయదట.

కాగితాల పని త్వరగా తెముల్చుకోండి. మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేయించండి, అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే పింఛను, మన ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు నెలకు 6000 రూపాయలు. రేపు పారా పోటీలకైనా, ఉద్యోగంలో రిజర్వేషన్‌కైనా ముందు అడిగేది ఆ సర్టిఫికెట్టే.

నేను ఇప్పుడు ఆడేది సిట్టింగ్ వాలీబాల్, నేల మీద కూర్చుని ఆడే వాలీబాల్. ఈటె, ఇనుప గుండు విసరడం కూడా ప్రయత్నించాను, ఒంటరి ఆటలు నాకు పడలేదు. పక్కన ఎవడో ఒకడు అరుస్తుండాలి. కోర్టు పొడవు 10 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, మగవాళ్లకు నెట్ ఎత్తు 1.15 మీటర్లు. పెట్టుడు కాలు విప్పి బయట పెట్టేయాలి. బంతిని తాకేటప్పుడు పిరుదుల నుంచి భుజాల దాకా ఏదో ఒక భాగం నేలకు ఆని ఉండాలి, లేస్తే ఫౌల్. జరగడానికి చేతులే, బంతికీ ఆ చేతులే. మొదటి వారం మణికట్లు వాచిపోయాయి. కానీ సర్వీస్‌ను కూడా బ్లాక్ చేయొచ్చని తెలిసిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. భుజం ఒకవైపు వంచి ఇంకోవైపు పోవడం, ఎదుటివాడి కళ్లు చూసి కదలడం, కూతలో చేసిందంతా ఇక్కడా పనికొస్తోంది.

గరుకు నేల మీద ఈ ఆట కుదరదు. అందుకే మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా మాకు పండగ. ముహూర్తాలు ఉండవు కాబట్టి ఒక కల్యాణ మండపం వాళ్లు హాలు ఇస్తారు. నున్నగా పాలిష్ పట్టిన తాడిపత్రి బండలు. "నీ కాలు తీసిన బండలేరా ఇవి" అని మా సెట్టర్ ప్రతిసారీ ఏడిపిస్తాడు. వాడికి రెండు కాళ్లూ పోలియో, వాణ్ణి ఏమీ అనలేం.

మీ తమ్ముణ్ణి ఇప్పుడే ఆడమని అడగకండి. మీ దగ్గర ఇలాంటి జట్టు ఉంటే, సాకెట్ కుదిరాక ఒక ఆదివారం ఊరికే చూడ్డానికి తీసుకెళ్లండి. బ్యాగులో మాత్రం మందపాటి నిక్కరు ఒకటి పెట్టండి. నేనూ చూడ్డానికే అని పోయాను, ఒక సెట్ అయ్యేసరికి ప్యాంటు వెనక చిరిగిపోయి తువ్వాలు చుట్టుకుని ఇంటికొచ్చాను.