రాష్ట్రంలో కోట్ల ఓటర్లుంటే, వెయ్యి మందిని అడిగి ఫలితం ఎలా చెబుతారు?

ఓట్ల శాతం చెప్పడం సాధ్యమే. సీట్లు చెప్పడమే కష్టం.

ఏ వర్గమూ తప్పిపోకుండా, లాటరీ తీసినట్టు ఎంచుకున్న వెయ్యి మందిని అడిగితే, ఒక పార్టీ ఓటు శాతం సుమారు 3 శాతం అటూ ఇటూగా తెలుస్తుంది. ఓటర్లు కోటి మందైనా, నాలుగు కోట్లైనా ఈ లెక్క దాదాపు మారదు. అసలు చిక్కల్లా ఎవరిని అడిగామన్నదే. మధ్యాహ్నం ఊళ్లోకి వెళ్తే కూలి పనికి పోయినవాళ్లు దొరకరు. పథకం ఆగిపోతుందేమోనన్న భయంతో మనసులో మాట దాచుకునేవాళ్లూ ఉంటారు.

ఇక సీట్ల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్‌సీపీకీ దాదాపు అంతే శాతం, కానీ సీట్లు 11. ఎదుటి పక్షానికి 2019లో వచ్చింది సుమారు 50 శాతం; 2024లో మూడు పార్టీల కూటమికి వచ్చింది 55 శాతం. అంటే ఓట్లలో చిన్న పొరపాటు కూడా సీట్ల అంచనాను తలకిందులు చేస్తుంది.

అందుకే ఎంతమందిని, ఎప్పుడు, ఎలా ఎంచుకుని అడిగారో, ఖర్చు ఎవరు పెట్టారో చెప్పని సర్వేను నేను నమ్మను. మీరూ నమ్మొద్దు.