‘గబ్బిలాల పంపిణీ’ అనవచ్చా?

సందేహం: డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. సెమినార్ కోసం వెతుకుతుంటే తెలుగులో ఈ వాక్యాలు కనిపించాయి: “కోలార్ ఆకు-ముక్కు గబ్బిలం అనేది హిప్పోసిడెరిడే కుటుంబంలోని ఒక గబ్బిలం జాతి. దీని పంపిణీ కర్ణాటకలో ఉంది. ఇది గుహల్లో గూడు కట్టుకుంటుంది.” ఇక్కడ ‘పంపిణీ’ సరైన మాటేనా? జాతికీ ప్రజాతికీ తేడా ఏమిటి? మా అమ్మమ్మ ‘గబ్బిలాయి’ అంటుంది, అది తప్పా?

సమాధానం: ‘పంపిణీ’ దగ్గర మీరు ఆగిపోయారు చూడండి, అక్కడ ఆగడమే సరైన పని. పంపిణీ అన్నాక ఇచ్చేవాళ్లుంటారు, పుచ్చుకునేవాళ్లుంటారు. రేషన్ బియ్యం పంపిణీ చేస్తారు, పింఛన్లు పంపిణీ చేస్తారు. గబ్బిలాలను ఎవరూ ఊరూరికీ పంచిపెట్టలేదు కదా! ఇంగ్లీషులో పంచిపెట్టడానికీ, ఒక జీవి ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పడానికీ ‘డిస్ట్రిబ్యూషన్’ అనే ఒకే మాట ఉండటంతో, నిఘంటువులో ముందు కనబడ్డ అర్థాన్ని తెచ్చి అతికించారు. కొందరు ‘వితరణ’ అని కూడా రాస్తున్నారు. హిందీలో ఆ మాటకు పంపిణీ అనే అర్థం. మనకు వితరణ అంటే దానగుణం. ‘గబ్బిలాల వితరణ’ అంటే అవేవో దానధర్మాలు చేస్తున్నట్టు ఉంటుంది.

పాఠ్యపుస్తకాల్లో ‘విస్తరణ’ అని చూసి ఉంటారు. పాకిస్తాన్ నుంచి ఇండోనేషియా దాకా కనిపించే పండ్ల గబ్బిలం లాంటి వాటికి ఆ మాట బాగానే నప్పుతుంది. కానీ మీరు రాస్తున్నది కోలారు గబ్బిలం గురించి. 1994లో శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. కోలారు జిల్లా హనుమనహళ్లి దగ్గర, రాతిగుట్టలో ఉన్న ఒకే ఒక్క గుహలో బతుకుతోంది. మొత్తం 200 కంటే తక్కువే ఉంటాయని అంచనా. చుట్టూ గ్రానైట్ కోసం గుట్టలు పగలగొట్టారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని జీవికి, ఒక్క గుహకు కుదించుకుపోయిన జీవికి ‘విస్తరణ’ అని ఎలా రాస్తాం? విస్తరించడంలో పరుచుకుంటూ పోవడం ఉంది. ‘వ్యాప్తి’ అందామంటే, కరోనా తరువాత గబ్బిలం పక్కన ఆ మాట పెడితే చదివేవాళ్లకు రోగమే గుర్తొస్తుంది, అనవసరమైన టెన్షన్. నేనైతే ‘ఉనికి’ అంటాను. “దీని ఉనికి కోలారు జిల్లాకే పరిమితం.” లేదా ఇంకా తేలిగ్గా, “ఇది కోలారు జిల్లాలో తప్ప మరెక్కడా లేదు.” ఆ ప్రాంతాన్ని ఒక పేరుతో చెప్పాల్సి వస్తే ‘నెలవు’ ఉండనే ఉంది. సుమతీ శతకంలో “తమ తమ నెలవులు దప్పిన” అని చిన్నప్పుడు అందరం అప్పజెప్పిన మాటే అది.

‘గూడు కట్టుకుంటుంది’ అన్నది పూర్తిగా తప్పు. గబ్బిలం పుల్లా పుడకా ఏరదు. గుహ కప్పుకు కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది, అంతే. పాడుబడ్డ గుడిని చూసి మనవాళ్లు ‘గబ్బిలాలు పట్టాయి’ అంటారు గాని గూళ్లు పెట్టాయని అనరు. ‘పగలు గుహల్లో తలదాచుకుంటుంది’ అని రాయండి. క్లుప్తంగా ఒక్క మాట కావాలంటే ‘పగటి బస’ నాకు నచ్చుతుంది.

ఇక జాతి, ప్రజాతి. దీని శాస్త్రీయ నామం హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్. మొదటిది ప్రజాతి పేరు, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు పేరు. రెండోది దానికి చేరితేనే జాతి పేరు పూర్తవుతుంది. తెలుగువాళ్లకు ఇది అర్థం కావడం సులువు, మనం కూడా ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత రాస్తాం. అయితే ఒక చిక్కుంది. ఇంటిపేరు అనగానే మనకు కుటుంబం గుర్తొస్తుంది. శాస్త్రంలో కుటుంబం అంతకంటే పెద్దది, కొన్ని ప్రజాతులు కలిస్తే ఒక కుటుంబం. కుటుంబాలు కలిస్తే క్రమం. గబ్బిలాలన్నీ కలిపి ఒక క్రమం, అందులో జాతులు 1,400కు పైనే. అందుకే ‘గబ్బిలం జాతి’ అంటే అర్థం చెదురుతుంది. ‘గబ్బిలాల్లో ఒక జాతి’ అనాలి. ఆ వాక్యంలో ‘అనేది’ కూడా అక్కర్లేదు, తీసేసి చదవండి, ఎంత హాయిగా ఉంటుందో.

పేరు సంగతికొస్తే, హిప్పోసిడెరోస్ అంటే గ్రీకులో గుర్రం, ఇనుము, అంటే గుర్రపు నాడా. కానీ గుర్రపునాడా గబ్బిలాలని పిలిచేది పక్క కుటుంబాన్ని! ఒకప్పుడు ఆకుముక్కు గబ్బిలాలను కూడా ఆ కుటుంబంలోనే కలిపి చూసేవారు, తరువాత విడదీశారు. హైపోఫిల్లస్ అంటే కింది ఆకు. దగ్గరగా తీసిన ఫొటో చూడండి, ముక్కు చుట్టూ చర్మం ముడతలు పడి ఆకులా లేచి ఉంటుంది. ఈ గబ్బిలాలు ముక్కుతోనే కూత వదిలి, ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటాయి. ‘ఆకుముక్కు’ చక్కని సమాసం, మధ్యలో ఆ అడ్డగీత ఎందుకు? ఏనుగుతొండం, చిలకముక్కు అని రాసేటప్పుడు గీత పెడతామా?

మీ అమ్మమ్మ మాట తప్పు కాదు. గబ్బిలాయి పాత నిఘంటువులకెక్కిన రూపమే. పల్లెల్లో పెద్దవాళ్లు గబ్బిలాన్ని పిట్టల్లో కలిపేసినా తప్పు పట్టకండి. పక్షములు, అంటే రెక్కలు ఉన్నది పక్షి. ఆ లెక్కన గబ్బిలం పక్షే. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో, జంతువుల పేర్లు చెప్పే సింహాదివర్గంలో హంస, సారసం తరువాత, ఈగకు ముందు, ‘జతుక, అజినపత్ర’ అని గబ్బిలం పేర్లు వస్తాయి. అజినం అంటే తోలు, పత్రం అంటే రెక్క. తోలు రెక్కలది! ఈకలు లేవన్న సంగతి ఆ పేరు పెట్టినవాడు గమనించాడన్నమాట. మీరు మాత్రం సెమినార్‌లో క్షీరదం అనే రాయండి, పిల్లను కని పాలిచ్చే జీవి కాబట్టి. స్లైడు మీద పెద్ద అక్షరాలతో ఆకుముక్కు గబ్బిలం అని వేసి, కింద చిన్నగా గబ్బిలాయి అని కూడా వేస్తే నాకు సంతోషం.